క్లబ్బు లెక్కలు చదివి యజమాని సంగతి తేల్చుకోవడం ఎలా

ఫుట్‌బాల్ క్లబ్బులు ఆటగాళ్ళను కొని అమ్ముకునే గడువును ట్రాన్స్‌ఫర్ విండో అంటారు. అది మూసే రాత్రి చాలామంది అభిమానులు యజమానిని ఒకే లెక్కతో తూచేస్తారు: ఆటగాళ్ళను ఎంత పెట్టి కొన్నాడు, ఎంతకు అమ్మాడు. తేడా ఎక్కువుంటే మహారాజు, తక్కువుంటే పిసినారి. ఆ లెక్కతో క్లబ్బు గురించి తెలిసేది చాలా తక్కువ. తెలుసుకోవాల్సినవి రెండున్నాయి. యజమాని పైసలు క్లబ్బులోకి ఏ రూపంలో వచ్చాయి? రేపు అతను వెళ్ళిపోతే క్లబ్బుకు ఏం మిగులుతుంది? జవాబులు కాగితాల మీదే ఉంటాయి. వాటిని హనుమకొండలో కూర్చుని ఫోన్‌లోనే తెరవొచ్చు. ఎక్కడ దొరుకుతాయి, ఏ పేజీ చూడాలి, చదివేవాళ్ళు ఎక్కడ బోల్తా పడతారు అన్నది వరుసగా చూద్దాం.

కాగితాలు తెచ్చుకోవడం

ఇంగ్లండ్ పెద్ద క్లబ్బులు దాదాపు అన్నీ కంపెనీలే. వాటి లెక్కలు అక్కడి ప్రభుత్వ కంపెనీల రిజిస్టరు ‘కంపెనీస్ హౌస్’ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి, లాగిన్ కూడా అక్కర్లేదు. క్లబ్బు వెబ్‌సైట్‌లో అట్టడుగున చిన్న అక్షరాల్లో కంపెనీ అసలు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు ఉంటాయి. నంబరుతోనే వెతకండి. పేరుతో వెతికితే అలాంటి పేరే ఉన్న చిన్నాచితకా కంపెనీలు బోలెడు వచ్చి పడతాయి. తర్వాత ‘ఫైలింగ్ హిస్టరీ’లోకి వెళ్ళి ఐదేళ్ళ ‘గ్రూప్ అకౌంట్స్’ దించుకోండి. ఒక్క ఏడాది లెక్క చూసి ఏమీ చెప్పలేం. ఒక పెద్ద ఆటగాణ్ణి అమ్మిన ఏడాది ఎంత దివాలా క్లబ్బయినా లాభాల్లో కనిపిస్తుంది.

మొదటి పొరపాటు జరిగేది ఇక్కడే. క్లబ్బు పేరుతో ఒక కంపెనీ, దాని మీద హోల్డింగ్ కంపెనీ, దాని మీద మరొకటి ఉంటాయి. కిందిదాన్నే చదివితే సగం బొమ్మే కనిపిస్తుంది. లెక్కల చివరి నోట్లలో ‘అల్టిమేట్ పేరెంట్’, అంటే అన్నిటికంటే పైనున్న కంపెనీ ఎవరో రాసి ఉంటుంది. ఆ పేరు పట్టుకుని పైకి ఎక్కండి. చెల్సీ దీనికి మంచి ఉదాహరణ. 2023–24లో చెల్సీ ఎఫ్‌సీ హోల్డింగ్స్ దాదాపు 12.8 కోట్ల పౌండ్ల లాభం చూపించింది. కానీ మహిళల జట్టును తమ గ్రూపులోని మరో కంపెనీకే అమ్మి రాసుకున్న లాభమే దాదాపు 20 కోట్ల పౌండ్లు. ఆ అమ్మకం లేకపోతే నష్టమే. గ్రూపు మొత్తాన్ని కలిపి రాసే పై కంపెనీ లెక్కల్లో ఇలాంటి లాభం మాయమవుతుంది. ఈ జేబులోంచి తీసి ఆ జేబులో వేస్తే ఇంటికి కొత్తగా వచ్చేదేమీ ఉండదు కదా.

ప్రైవేటు కంపెనీకి లెక్కలు దాఖలు చేయడానికి సంవత్సరాంతం నుంచి తొమ్మిది నెలల గడువుంటుంది. చాలా క్లబ్బులు జూన్ 30తో ఏడాది ముగిస్తాయి కాబట్టి మార్చి 31కల్లా దాఖలు కావాలి. ఏప్రిల్ మొదటి వారంలో వెతికితే తాజావి దొరుకుతాయి. మాంచెస్టర్ యునైటెడ్ 2012 నుంచి న్యూయార్క్ స్టాక్ ఎక్స్చేంజ్‌లో ఉంది గనుక మూడు నెలలకోసారి లెక్కలు బయటపెడుతుంది.

మన దేశంలో క్లబ్బులు ఎక్కువగా ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీలు. కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ, అంటే ఎంసీఏ పోర్టల్‌లో కంపెనీ మాస్టర్ డేటా, తాకట్ల జాబితా ఉచితంగా చూడొచ్చు. లెక్కలు చూడాలంటే ‘వ్యూ పబ్లిక్ డాక్యుమెంట్స్’లో కంపెనీకి 100 రూపాయలు కట్టాలి. అందులో మనకు కావలసినవి రెండు: ఆర్థిక నివేదికలుండే ఏఓసీ-4, వాటాదారుల వివరాలుండే ఎంజీటీ-7. చూడటానికిచ్చే సమయం కొన్ని గంటలే కాబట్టి ఏ సంవత్సరాలవి కావాలో ముందే రాసిపెట్టుకుని, కట్టగానే అన్నీ దించేసుకోండి. వార్షిక సమావేశం సెప్టెంబరు 30లోపు జరగాలి, ఆ తర్వాత 30 రోజుల్లో ఏఓసీ-4 పడాలి. కాబట్టి నవంబరు వచ్చినా కనబడలేదంటే అది రాసిపెట్టుకోవాల్సిన విషయమే.

పెద్ద క్లబ్బు నివేదిక వంద పేజీల దాకా ఉంటుంది. జిరాక్స్ షాపులో మొత్తం ప్రింటు తీయించడం దండగ. లాభనష్టాల పట్టిక, బ్యాలెన్స్ షీట్, క్యాష్ ఫ్లో, ఆడిటర్ నివేదిక, వాటి వెనక నోట్లు చాలు. ముందుండే ఛైర్మన్ మాటల్ని ఆఖర్న చదవండి, అంకెలు చూశాక అవి వేరేలా వినిపిస్తాయి.

అంకెలు చదివేటప్పుడు ఒక జాగ్రత్త. పైన ‘వేలల్లో’ అని రాసి ఉంటే 105,000 అంటే 10.5 కోట్ల పౌండ్లు. పది మిలియన్లు ఒక కోటి అని గుర్తుంచుకుంటే చాలు. కామాలు వాళ్ళ పద్ధతిలో ఉంటాయి కాబట్టి మన కంటికి లక్షలు, కోట్లు తారుమారవుతాయి. షీట్‌లోకి ఎక్కించేటప్పుడే కోట్లలోకి మార్చేయండి.

ఆదాయం, జీతాలు

ఎక్సెల్‌లో అడ్డంగా ఐదేళ్ళు, నిలువుగా వరుసలు పెట్టుకోండి: మ్యాచ్ రోజు ఆదాయం, టీవీ ఆదాయం, వ్యాపార ఆదాయం, జీతాలు, అమార్టైజేషన్ (ఆటగాళ్ళ ఖరీదులో ఆ ఏడాది వాటా), ఆటగాళ్ళ అమ్మకాల లాభం, వడ్డీ, చివరి లాభనష్టం, చేతిలో నగదు, ఇవ్వాల్సిన ట్రాన్స్‌ఫర్ బాకీలు, రావాల్సినవి, యజమాని అప్పు, వాటా మూలధనం.

జీతాలను ఆదాయంతో భాగించి వందతో గుణించండి. 20 కోట్ల ఆదాయంలో 13 కోట్లు జీతాలైతే 65 శాతం. 60 లోపుంటే క్లబ్బుకు ఊపిరాడుతుంది. 80 దాటితే ఏటా ఎవరినో ఒకరిని అమ్మక తప్పదు. ఇంగ్లండ్ రెండో అంచె చాంపియన్‌షిప్‌లో వంద దాటిన క్లబ్బులు కొత్తేమీ కాదు. అక్కడ లోటంతా యజమాని జేబులోంచే వస్తుంది. అతనికి విసుగొచ్చిన రోజు క్లబ్బు గతేంటన్నదే ప్రశ్న. యూరప్ ఫుట్‌బాల్ సంఘం యూఈఎఫ్ఏ జట్టు ఖర్చుకు పెట్టిన 70 శాతం పరిమితిని దీనితో కలపకండి. అందులో ఆటగాళ్ళ, కోచ్ జీతాలతో పాటు అమార్టైజేషన్, ఏజెంట్ల ఫీజులు కూడా కలుస్తాయి. మరో వైపు అమ్మకాల లాభాన్ని ఆదాయానికి కలుపుతారు.

రెండు చోట్ల ఈ శాతం తప్పుదారి పట్టిస్తుంది. పై లీగ్‌కు ఎక్కిన ఏడాది బోనస్‌లు ఒక్కసారిగా జీతాల్లో పడతాయి. కోవిడ్ వల్ల 2019–20 సీజన్ జూన్ దాటి సాగింది కాబట్టి ఆ ఏడాది ఆదాయంలో కొంత తర్వాతి ఏడాది లెక్కలోకి జారింది. ఆ రెండేళ్ళనూ కలిపి సగటు తీసుకోండి.

లీగ్‌లో అందరి జీతాల ఖర్చునూ పెద్దది నుంచి చిన్నదాకా వరుస పెట్టి, పక్కన పాయింట్ల పట్టికలో స్థానం రాయండి. దీర్ఘకాలంలో ఈ రెండూ దగ్గరదగ్గరగానే నడుస్తాయి. జీతాల్లో ఎనిమిదో స్థానంలో ఉండి ఐదేళ్ళుగా పన్నెండు, పదమూడులో ముగుస్తున్న క్లబ్బు యజమాని పైసలు పెట్టడం లేదనడం అన్యాయం. అతను పెట్టిన మనుషులు సరిగ్గా లేరన్నదే నిజం. ఆ రెండూ వేర్వేరు ఫిర్యాదులు, కలిపితే రెండూ బలహీనపడతాయి.

ఆటగాడి ఖరీదు ఎలా రాస్తారు

అభిమానులు ఎక్కువగా తప్పు లెక్క వేసేది ఇక్కడే కాబట్టి నెమ్మదిగా చూద్దాం.

5 కోట్ల పౌండ్లకు ఆటగాణ్ణి కొని ఐదేళ్ళ ఒప్పందం ఇచ్చారనుకుందాం. ఆ 5 కోట్లు ఒకే ఏడాది ఖర్చులో పడవు. ఏటా కోటి చొప్పున ఐదేళ్ళు పడతాయి. ఇదే అమార్టైజేషన్. మూడేళ్ళయ్యాక పుస్తకాల్లో అతని విలువ 2 కోట్లు. అప్పుడు 3.5 కోట్లకు అమ్మితే వీధిలో అందరూ కోటిన్నర నష్టం అంటారు, క్లబ్బు మాత్రం కోటిన్నర లాభం రాసుకుంటుంది. అమ్మకుండా కొత్తగా నాలుగేళ్ళ ఒప్పందం ఇస్తే మిగిలిన 2 కోట్లు నాలుగేళ్ళకు పరుచుకుని ఏటా 50 లక్షలే పడతాయి. కీలక ఆటగాడి ఒప్పందం పొడిగించినప్పుడు లెక్కలు తేలికపడేది అందుకే.

అకాడమీలో పెరిగిన కుర్రాడి పుస్తక విలువ సున్నా. 4 కోట్లకు అమ్మితే నాలుగూ లాభమే. సొంత ఊరి పిల్లవాణ్ణి అమ్మి, అదే డబ్బుతో బయటివాణ్ణి తెచ్చే పాపం వెనక ఉన్నది ఈ ఒక్క సూత్రమే.

చెల్సీ ఈ పద్ధతిని చివరిదాకా లాగింది. 2023 జనవరిలో కొన్న ఆటగాళ్ళు ముద్రిక్‌కూ ఎంజో ఫెర్నాండెజ్‌కూ ఎనిమిదిన్నరేళ్ళ ఒప్పందాలిచ్చి ఖరీదును అన్నేళ్ళకు పరిచింది. దాంతో ఒప్పందం ఎంత పొడవున్నా ఐదేళ్ళకు మించి పరచకూడదని అదే ఏడాది యూఈఎఫ్ఏ, ఆ తర్వాత ఇంగ్లండ్ మొదటి అంచె ప్రీమియర్ లీగ్ నియమం పెట్టాయి. మీ షీట్‌లో అమార్టైజేషన్ ఏటా పెరుగుతూ, ఆదాయం కదలకుండా ఉంటే నాలుగైదేళ్ళ తర్వాత రాబోయే ఇబ్బంది ఇప్పుడే కనబడుతున్నట్టు.

ఇక నష్టాల పరిమితి. ప్రీమియర్ లీగ్‌లో మూడేళ్ళకు 10.5 కోట్ల పౌండ్ల నష్టాన్ని దాటకూడదన్న నియమం కింద ఎవర్టన్‌కు 2023–24లో మొదట 10 పాయింట్లు కోసి, అప్పీలు తర్వాత 6 చేశారు. ఆపైన మరో 2 కోశారు. నాటింగ్‌హమ్ ఫారెస్ట్‌కు 4 పోయాయి. మూడేళ్ళ నష్టాలు కూడి ‘గీత దాటేశారు’ అని కేకలు వేసేముందు ఒకటి గుర్తుంచుకోవాలి. స్టేడియం, అకాడమీ, మహిళల జట్టు, సామాజిక పనుల మీద పెట్టిన ఖర్చును ఆ లెక్కలోంచి తీసేస్తారు. 2026–27 నుంచి దీని స్థానంలో జట్టు ఖర్చు ఆదాయంలో 85 శాతం మించకూడదన్న నియమానికి క్లబ్బులు ఓటేశాయి.

లాభం వేరు, చేతిలో పైసలు వేరు

ఎనుమాముల మార్కెట్‌కు పత్తి తెచ్చిన రైతు బోర్డు మీది ధర చూసి ఊరుకోడు. కమీషన్, హమాలీ పోగా ఎంత చేతికొస్తుందో తక్‌పట్టీలో చూస్తాడు, అది ఎప్పుడిస్తారో కూడా అడుగుతాడు. క్లబ్బుకు ఆ తక్‌పట్టీ క్యాష్ ఫ్లో పేజీ. ట్రాన్స్‌ఫర్ డబ్బు సాధారణంగా మూడు, నాలుగు వాయిదాల్లో నడుస్తుంది. లాభం ఈ ఏడాదే రాసుకున్నా, పైసలు వచ్చే ఏడాదో ఆపైనో రావచ్చు. ‘ఏడాదిలోపు చెల్లించాల్సినవి’ అన్న నోట్‌లో ట్రాన్స్‌ఫర్ బాకీలు చూసి, పక్కన రావాల్సినవి, చేతిలో ఉన్న నగదు రాయండి. బాకీ 15 కోట్లు, రావాల్సింది 4, చేతిలో 2 అయితే మిగతా 9 కోట్లు ఎవరిస్తారు? సీజన్ టిక్కెట్లు అమ్మాలి, లేదా టీవీ డబ్బును తాకట్టు పెట్టి అప్పు తేవాలి, లేదా యజమాని ఇవ్వాలి. సీజన్ టిక్కెట్లు మామూలు కంటే ముందే, డిస్కౌంటు పెట్టి మరీ అమ్ముతుంటే నగదు కటకటగా ఉందని అనుమానించవచ్చు.

యజమాని పైసలు ఏ రూపంలో వచ్చాయి

‘ఇప్పటిదాకా 30 కోట్లు పెట్టాడు’ అన్న మాటను అలాగే మింగకండి. పెట్టిన దారిని బట్టి దాని అర్థం మారిపోతుంది. వాటాల రూపంలో పెడితే ఆ డబ్బు క్లబ్బుదైపోయినట్టే. అమ్ముకుంటే వచ్చేది అతని అదృష్టం, క్లబ్బు మాత్రం తిరిగి కట్టక్కర్లేదు. అప్పుగా ఇస్తే నోట్లలో నాలుగు విషయాలు వెతకాలి: వడ్డీ ఎంత, తిరిగి ఎప్పుడు కట్టాలి, ‘అడిగిన వెంటనే’ అని ఉందా, దేన్నైనా తాకట్టు పెట్టుకున్నాడా.

అప్పటి యజమాని అబ్రమోవిచ్ చెల్సీకి ఇచ్చిన దాదాపు 150 కోట్ల పౌండ్లు వడ్డీ లేని అప్పే. 2022లో క్లబ్బును అమ్మినప్పుడు ఆ బాకీ అడగనన్నాడు కాబట్టి సరిపోయింది. అడిగి ఉంటే ఆ క్లబ్బు దగ్గర కట్టే దారి లేదు. పంతొమ్మిదేళ్ళ కప్పులన్నీ ఒక మనిషి మాట మీద నిలబడ్డాయన్నమాట. ఎవర్టన్‌లో అప్పటి యజమాని మోషిరీ ఇచ్చిన దాదాపు 45 కోట్ల పౌండ్ల అప్పును, 2024 డిసెంబరులో ఫ్రీడ్‌కిన్ గ్రూపు చేతికి క్లబ్బు వెళ్ళేముందు వాటాలుగా మార్చేశారు. క్లబ్బును అతను నడిపిన తీరు ఎంత అధ్వానంగా ఉన్నా, పోతూపోతూ ఆ అప్పును క్లబ్బు మెడకు వేలాడదీయలేదు. తీర్పు చెప్పేటప్పుడు అది కూడా తక్కెడలో వేయాలి.

దీనికి పూర్తిగా అవతలి ఒడ్డున ఉన్నది గ్లేజర్ కుటుంబం. 2005లో దాదాపు 79 కోట్ల పౌండ్లకు మాంచెస్టర్ యునైటెడ్‌ను కొన్నారు. అందులో సగానికి పైగా అప్పు, ఆ అప్పు భారాన్ని కొన్న క్లబ్బు మీదికే నెట్టారు. యునైటెడ్ లెక్కల్లో వడ్డీ వరుసను 2005 నుంచి కూడితే అభిమానులు కట్టిన టిక్కెట్ల డబ్బు ఎటు పోయిందో తెలుస్తుంది. స్టేడియం మీద పెట్టిన ఖర్చును దాని పక్కన రాయండి. 2024 మేలో ఆర్సెనల్‌తో మ్యాచ్ రోజున ఓల్డ్ ట్రాఫర్డ్ పైకప్పు నుంచి నీళ్ళు ధారగా స్టాండ్‌లోకి పడ్డాయి. ఆ క్లబ్బు ట్రాన్స్‌ఫర్ల మీద తక్కువేమీ ఖర్చు పెట్టలేదు. కొన్నదీ అమ్మిందీ లెక్కేసి యజమానిని తూచడం ఎందుకు పనికిరాదో యునైటెడ్‌ను చూస్తే తెలుస్తుంది.

‘రిలేటెడ్ పార్టీ’ నోట్‌ను వదలొద్దు. యజమాని సొంత కంపెనీలు క్లబ్బుకు ఏం అమ్మాయి, క్లబ్బు నుంచి ఏం కొన్నాయి, మేనేజ్‌మెంట్ ఫీజు ఏమైనా తీసుకున్నారా అన్నది అక్కడే ఉంటుంది. చొక్కా మీద యజమాని కంపెనీ పేరుంటే, ఎంత కడుతోందో కూడా అక్కడే చూడాలి.

గ్రౌండు ఎవరి పేరు మీద ఉంది

అన్నిటికంటే బరువైన ప్రశ్న ఇదే. బ్యాలెన్స్ షీట్‌లో భూమి, భవనాల విలువ ఉన్నట్టుండి పడిపోయి, అదే ఏడాది పెద్ద లాభం కనిపిస్తే స్టేడియం చేతులు మారి ఉండొచ్చు. 2018లో డెర్బీ కౌంటీ తన ప్రైడ్ పార్క్‌ను యజమాని కంపెనీకే దాదాపు 8.1 కోట్ల పౌండ్లకు అమ్మింది. ఆ ఏడాదికి నష్టం కప్పబడింది. 2021 సెప్టెంబరులో క్లబ్బు అడ్మినిస్ట్రేషన్‌లో పడింది, అంటే నిర్వహణ దివాలా అధికారుల చేతికి వెళ్ళింది. ఆ సీజన్లో మొత్తం 21 పాయింట్లు పోగొట్టుకుని కింది లీగ్‌కు దిగింది. షెఫీల్డ్ వెన్స్‌డే కూడా హిల్స్‌బరోను యజమానికే అమ్మిన క్లబ్బు. 2025లో జీతాలు నెల తర్వాత నెల ఆలస్యమై, అక్టోబరులో అడ్మినిస్ట్రేషన్ వచ్చి 12 పాయింట్లు పోయాయి.

బ్రైటన్ కథ ఈ పనికి పూనుకునేవాళ్ళు తప్పక తెలుసుకోవాలి. 1990ల్లో అప్పటి యజమానులు గోల్డ్‌స్టోన్ గ్రౌండును అమ్మేశారు. దానికి ముందే, గ్రౌండు అమ్మితే వాటాదారులు లాభం తీసుకోకూడదన్న నిబంధనను కంపెనీ నియమావళిలోంచి తీసేశారు. అది బయటపెట్టింది కంపెనీ కాగితాలు తెరిచి చదివిన అభిమానులే. 1997 ఏప్రిల్ 26న అక్కడ చివరి మ్యాచ్ జరిగింది. తర్వాత రెండేళ్ళు వందకు పైగా కిలోమీటర్ల దూరంలోని గిల్లింగ్‌హమ్‌లో, 2011 దాకా ఒక అథ్లెటిక్స్ మైదానంలో ఆడారు. తర్వాత వచ్చిన యజమాని టోనీ బ్లూమ్ వడ్డీ లేని అప్పులతో కొత్త స్టేడియం కట్టించాడు. 2022–23లో ఆ క్లబ్బు 12.28 కోట్ల పౌండ్ల లాభం చూపించింది. అయినా అతని అప్పు పుస్తకాల్లో ఉంది కాబట్టి, ఎంత మంచివాడైనా, ‘అప్పుగా’ అన్న వరుసను ఏటా చూడాల్సిందే.

మన దగ్గర పరిస్థితి ఇంకా బలహీనం. హైదరాబాద్ ఎఫ్‌సీ ఆడిన గచ్చిబౌలి స్టేడియం ప్రభుత్వానిది, క్లబ్బుకు నేల మీద పట్టు లేదు. 2019లో పుణె సిటీ స్థానంలో వచ్చిన జట్టది. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) గెలిచింది. 2023–24కల్లా జీతాలు అందక ఆటగాళ్ళు వెళ్ళిపోయారు, కొత్తవారిని నమోదు చేసుకోకుండా ఫీఫా నిషేధం పడింది, సీజన్ మొత్తానికి ఒక్క గెలుపు దక్కింది. యజమానులు మారారు. 2025లో జట్టు ఢిల్లీకి తరలి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. వరంగల్ నుంచి, కరీంనగర్ నుంచి బస్సెక్కి వెళ్ళి అరిచిన కుర్రాళ్ళకు ఇలా జరగొచ్చని ముందే చెప్పినవాళ్ళు లేరు. కప్పు గెలిచిన రోజు ఎవరూ అడగని ప్రశ్నలే ఇవన్నీ.

ముందే కనబడే గుర్తులు

దాఖలు గడువు దాటడం, లేదా దాటకుండా ఉండటానికి సంవత్సరాంతం తేదీనే జరపడం. ఆడిటర్ మధ్యలో మారడం. ఆడిటర్ నివేదికలో ‘గోయింగ్ కన్సర్న్’ గురించి ‘మెటీరియల్ అన్‌సర్టెంటీ’ అన్న మాట. అంటే వచ్చే ఏడాది క్లబ్బు నడుస్తుందో లేదో గట్టిగా చెప్పలేమని. ఛార్జెస్ పేజీలో కొత్త తాకట్టు. ఆరు నెలల్లో ఇద్దరు, ముగ్గురు డైరెక్టర్ల రాజీనామా. మన కంపెనీల్లో అయితే ఆడిటర్ నివేదికకు అనుబంధంలో టీడీఎస్, పీఎఫ్, జీఎస్టీ బాకీల పేరా చూడండి. ఆటగాడి జీతం ఆగడానికి ముందు ఆగేవి సాధారణంగా ఇవే. ఫీఫా రిజిస్ట్రేషన్ నిషేధాల జాబితా కూడా ఆన్‌లైన్లో ఉంది, క్లబ్బు పేరుతో వెతకొచ్చు.

వీటిలో ఒక్కటి కనబడగానే గోల చేయకండి. తాకట్టు మామూలు బ్యాంకు ఏర్పాటే కావచ్చు. రెండు, మూడు ఒకే సీజన్లో కలిసి వస్తే అప్పుడు అడగాలి.

అడగడం ఎలా

‘పైసలు ఎక్కడికి పోతున్నాయి’ అంటే జవాబు రాదు. పేజీ, సంవత్సరం చెప్పి అడగాలి: ‘ఫలానా ఏడాది లెక్కల్లో 22వ నోట్ ప్రకారం యజమాని అప్పు అడిగిన వెంటనే కట్టాలి. దీన్ని వాటాలుగా మార్చే ఆలోచన ఉందా?’ ‘స్టేడియం వాడుక ఒప్పందం ఏ ఏడాది దాకా? రద్దు చేసుకునే హక్కు ఎవరికి?’ ‘మార్చి 31 నాటికి ఆటగాళ్ళకు ఇవ్వాల్సిన జీతాలు ఎంత?’ ప్రశ్నలు మూడు దాటనివ్వకండి. రాతపూర్వకంగా పంపండి, తేదీ ఉంచండి, జవాబు వచ్చినా రాకపోయినా నలుగురికీ చూపించండి. ఇంగ్లండ్‌లో 2025 ఫుట్‌బాల్ గవర్నెన్స్ చట్టంతో గ్రౌండు అమ్మాలన్నా, జట్టును ఊరు మార్చాలన్నా నియంత్రణ సంస్థ అనుమతి కావాలన్న నియమం వచ్చింది.

పని పంచుకుంటే తేలిక. ఒకరు దించుకోవడం, ఒకరు అంకెలు ఎక్కించడం, సీఏ చదివే దోస్తు ఎవరైనా ఉంటే నోట్లు చదవడం. ఎక్కించిన ప్రతి అంకెను ఇంకొకరు మూల కాగితంతో సరిచూడాలి. ఒక్క సున్నా తప్పినా, క్లబ్బు ఆ సున్నానే పట్టుకుని మిగతా ప్రశ్నలన్నీ పక్కకు నెట్టేస్తుంది.